చిత్రం కింద పేరు లేని స్త్రీలు
న్యూయార్కు యూదు శ్రామిక మహిళల ఛాయాచిత్రాలు: ఒక పరిశీలన

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఒక పాత ఛాయాచిత్రం వుంది. ఇద్దరు ఆడపిల్లలు వీధిలో జనం మధ్య నిలబడి వున్నారు. భుజంమీదుగా ఏటవాలుగా వెడల్పాటి గుడ్డ పట్టీలు కట్టుకున్నారు. బాలల బానిసత్వాన్ని రద్దు చెయ్యాలని వాటిమీద వ్రాసి వుంది. ఒకటి ఇంగ్లీషులో, ఒకటి యిడ్డిష్‌లో. 1909 మే 1వ తేదీన న్యూయార్కు నగరంలో జరిగిన శ్రామికుల ఊరేగింపులో తీసిన చిత్రం కావచ్చునని గ్రంథాలయంవారి వివరం. ఆ పిల్లల పేర్లు మాత్రం లేవు.

ఈ చిత్రాన్ని మన వాళ్లు చాలామంది చూసే వుంటారు. మే దినం కరపత్రాల మీద, మహిళా దినోత్సవం గోడపత్రికల మీద అది తరచు కనిపిస్తుంది. కాని ఆ పిల్లలు ఎవరు, ఆ రెండో భాష ఏమిటి, వాళ్లు ఆ వీధిలోకి ఎలా వచ్చారు అని అడిగినవాళ్లు తక్కువ. చిత్రాన్ని మనం అలంకారంగా వాడుకున్నాం. సాక్ష్యంగా చదవలేదు. ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది ఆ రెండో పని. న్యూయార్కు లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో వందేళ్ల క్రితం బ్రతికిన యూదు స్త్రీల ఛాయాచిత్రాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు, చెప్పనివాటిని మనం ఎక్కడ వెతకాలి అన్నదే ప్రశ్న.

ఆ పేట ఎలా ఏర్పడిందో ముందు చూడాలి. 1881లో జారు అలెగ్జాండరు రెండవవాడి హత్య జరిగింది. ఆ తరువాత రష్యా సామ్రాజ్యంలోని యూదుల మీద దాడులు చెలరేగాయి. భూమి మీద, చదువు మీద, నివాసం మీద ఆంక్షలు బిగిశాయి. యంత్రాల ఉత్పత్తి వచ్చి చేతివృత్తులు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి 1924లో అమెరికా వలసలకు తలుపులు మూసేదాకా తూర్పు యూరపు నుంచి ఇరవై లక్షలమందికి పైగా యూదులు ఆ దేశం చేరారు. వీరిలో అధికభాగం న్యూయార్కులో దిగిపోయారు. వారి ఇళ్లలో మాట్లాడే భాష యిడ్డిష్. మూలం జర్మను, లిపి హీబ్రూ, పదజాలంలో స్లావు మాటలు కూడా కలిసినది. పండితులు దీన్ని చాలాకాలం భాషగానే ఒప్పుకోలేదు. ఆడవాళ్లూ పామరులూ మాట్లాడుకునే సంకరపు మాట అన్నారు. వ్యావహారిక భాష కోసం జరిగిన పోరాటం తెలిసిన తెలుగువాడికి ఈ వాదన కొత్తది కాదు. 1908లో చెర్నోవిట్సులో జరిగిన మహాసభ యిడ్డిష్‌ను యూదుల జాతీయ భాషలలో ఒకటిగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడే అది ఒక ఆడపిల్ల గుండెల మీద నినాదమై నడిచింది.

ఈ పేట జీవితాన్ని మొదట కెమెరాకు ఎక్కించినవారిలో ముఖ్యుడు జేకబ్ రీస్. డెన్మార్కు నుంచి వలస వచ్చినవాడు, పోలీసు వార్తలు వ్రాసే విలేఖరి. 1887 ప్రాంతంలో మెరుపు పొడి కనిపెట్టబడింది. చీకటి గదులలో దాన్ని వెలిగించి ఒక్క క్షణంలో చిత్రం తీయడం సాధ్యమైంది. ఆ సాధనంతో రీస్ మురికివాడలలోకి రాత్రిళ్లు చొరబడ్డాడు. 1890లో వెలువడిన అతని పుస్తకం సంపన్నుల న్యూయార్కును కుదిపివేసింది. లడ్లో వీధిలోని ఒక కుట్టు గదిని అతడు తీసిన చిత్రం ప్రసిద్ధమైనది. నేలమీద, బల్లలమీద గుట్టలుగా మోకాలి లాగులు పడి వున్నాయి. వాటి మధ్య మిషనుమీద పనిచేస్తున్న మనుషులు. డజనుకు నలభై ఐదు సెంట్లు కూలి అని చిత్రం పేరులోనే వుంది.

రీస్ చేసిన మేలును కాదనలేం. ఇళ్ల చట్టాల సంస్కరణకు అతని చిత్రాలు తోడ్పడ్డాయి. అయితే అదే పుస్తకంలో యూదుల పేటకు అతడు పెట్టిన పేరే అవమానకరం. డబ్బు ఆశ వీరి జాతి లక్షణమన్నట్లు అందులో వ్రాశాడు. డజను లాగులకు నలభై ఐదు సెంట్లు ఇచ్చే కంట్రాక్టు పద్ధతిని చూపిస్తూనే, ఆ దారిద్ర్యానికి కారణాన్ని సగం ఆ జనం స్వభావంలో వెతికాడు. అతని చిత్రాలలో మనుషులు ఉలిక్కిపడి కనిపిస్తారు. ఆ ఉలికిపాటు పేదరికానిది కాదు, అకస్మాత్తుగా కళ్లముందు పేలిన మెరుపు పొడిది. పై నుంచి చూసే జాలికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

రెండో కెమెరా లూయీ హైన్‌ది. ఈయన బడి పంతులు. 1904 నుంచి ఎల్లిస్ ద్వీపంలో వలస వచ్చేవారిని చిత్రాలు తీశాడు. 1905లో అక్కడ తీసిన ఒక రష్యను యూదు యువతి చిత్రం లోకప్రసిద్ధి పొందింది. ఆమె నేరుగా మనవైపు చూడదు. కాని ఉలికిపడలేదు. నిలబడడానికి ఆమెకు వ్యవధి ఇచ్చినట్లు కనిపిస్తుంది. 1908 నుంచి హైన్ జాతీయ బాల కార్మిక సంఘం తరఫున దేశమంతా తిరిగి కొన్ని వేల చిత్రాలు తీశాడు. అతని అసలు గొప్పతనం చిత్రం కింద వ్రాసిన మాటలలో వుంది. ఎవరు, వయస్సెంత, ఏ పని, కూలి ఎంత, రాత్రి ఎంతసేపటివరకు అన్నవి వీలైనంతవరకు వ్రాసుకునేవాడు. యజమానులకు తెలియకుండా జేబులోనే చెయ్యి పెట్టి కాగితం మీద గీసుకునేవాడని, పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో కొలుచుకునేవాడని చెబుతారు. రీస్‌కూ హైన్‌కూ మధ్య భేదం ఇక్కడ వుంది. జాలికి పేరు అవసరం లేదు, వాదనకు అవసరం.

ఐతే హైన్ కెమెరాకు కూడా అందని జీవితం ఒకటి వుంది. అది పెళ్లి అయిన స్త్రీది. యూదు యువతులు పెళ్లికి ముందు కుట్టు కర్మాగారాలకు వెళ్లేవారు. పెళ్లి అయ్యాక చాలామంది ఇంట్లోనే వుండిపోయేవారు. వుండిపోవడమంటే పని మానడం కాదు. ఆ పేటలోని ఒక ఇల్లు మూడు గదులు కలిపి మూడువందల పాతిక చదరపు అడుగులు వుండేది. అందులోనే సంసారం, అందులోనే ఒకరిద్దరు అద్దె మనుషులు. వారికి వంట, వారి బట్టల ఉతుకు, వారి పక్కలు సర్దడం ఇల్లాలి వంతు. కొన్ని ఇళ్లలో ముందు గది కుట్టు దుకాణం. ఇస్త్రీ పెట్టెలు కాలేది ఆమె వంట పొయ్యిమీదే. ఈ సంపాదన లేకుండా ఇంటి అద్దె తీరేది కాదు. కాని ఆమెను అడిగితే "పని ఏమీ లేదు" అనే జనాభా లెక్కల కాగితం మీద పడేది. కెమెరా ముందు కూడా ఆమె కర్మాగారపు మనిషి కాదు కాబట్టి పనిచేసే మనిషిగా కనిపించలేదు.

కాని చరిత్రలో ఆమె కనిపించింది. 1902 మే నెలలో మతాచారం ప్రకారం కోసిన మాంసం ధర పౌనుకు 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు పెరిగింది. టోకు వ్యాపారుల ట్రస్టు దీనికి మూలం. పేటలోని గృహిణులు ఇల్లిల్లూ తిరిగి మాంసం కొనవద్దని కట్టుబాటు చేశారు. దుకాణాల ముందు కాపలా కాశారు. కొన్న మాంసాన్ని లాక్కొని వీధిలో పారవేశారు. శనివారం నాడు ప్రార్థనా మందిరాలలోకి వెళ్లి ధర్మగ్రంథ పఠనాన్ని ఆపి తమ మొర వినిపించారు. అన్యాయం జరిగినవారు పఠనాన్ని ఆపి సభను అడగవచ్చునన్న పాత ఆచారం ఒకటి యూదులలో వుంది. మగవాళ్లకు అలవాటైన ఆ హక్కును వీరు తమ చేతిలోకి తీసుకున్నారు. పోలీసులు 85 మందిని పట్టుకుంటే అందులో మూడు వంతులు ఆడవాళ్లు. మూడు వారాలు గడిచేసరికి ధర 14 సెంట్లకు దిగింది. "పని లేని" స్త్రీ మార్కెట్టు సూత్రాన్ని ఎంత సరిగ్గా అర్థం చేసుకున్నదో చూడండి.

ఇంకొక విచిత్రమైన ఛాయాచిత్ర మాలిక గురించి చెప్పాలి. అందులో ఒక్క స్త్రీ కూడా లేదు. అయినా అది స్త్రీల జీవితానికే సాక్ష్యం. 1897లో మొదలైన "ఫోర్వర్ట్స్" యిడ్డిష్ దినపత్రిక సోషలిస్టు పత్రిక. అందులో భార్యను, పిల్లలను వదిలి మాయమైన భర్తల ఫోటోలు వరుసగా అచ్చు వేసేవారు. 1911లో యూదు ధర్మసంస్థలు ఇటువంటి భర్తలను వెతకడానికి ఒక ప్రత్యేక కార్యాలయమే పెట్టాయి. యూదు ధర్మశాస్త్రం ప్రకారం భర్త విడాకుల పత్రం ఇస్తే తప్ప భార్యకు విముక్తి లేదు. అతడు మాయమైతే ఆమె "కట్టుబడి వున్న స్త్రీ" అవుతుంది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వలస, నిరుద్యోగం, ఇరుకు ఇల్లు సంసారాలను విరగగొట్టాయి. ఆ విరిగిన ముక్క ఆమె కాలికే గుచ్చుకుంది. పరువు పోతుందని తెలిసి కూడా భర్త బొమ్మను పత్రికకు ఇచ్చిన స్త్రీలను తలచుకుంటే, ఆ పురుషుల ముఖాల వెనుక నిలబడిన ముఖాలు మనకు కనిపించకపోవు.

ఇక మూడో కెమెరా. ఇది పత్రికల వాళ్లది, యూనియన్లది, పేటలోని స్టూడియోలది. 1909 నవంబరు 22న కూపర్ యూనియన్ సభామందిరంలో రవికలు కుట్టే కార్మికులు సమావేశమయ్యారు. కాలరు, గుండీలతో మగవాళ్ల చొక్కాను పోలిన ఈ రవికలకు అప్పట్లో ఎక్కడలేని గిరాకీ. వారానికి యాభై గంటలకు పైబడిన పని. సూదికి, దారానికి, మిషను నడిచే కరెంటుకు కూడా కూలిలోనుంచి కోత. సభలో రెండు గంటలపాటు నాయకులు ఉపన్యసించారు, జాగ్రత్తలు చెప్పారు. అప్పుడు ఇరవై మూడేళ్ల క్లారా లెమ్లిక్ వేదిక ఎక్కి యిడ్డిష్‌లో నాలుగు మాటలు మాట్లాడి సార్వత్రిక సమ్మె తీర్మానం పెట్టింది. ఆ సెప్టెంబరులోనే పికెటింగు దగ్గర కిరాయి గూండాలు కొడితే ఆమె పక్కటెముకలు విరిగి వున్నాయి. సభ అంతా చేతులెత్తింది. ద్రోహం చేస్తే ఎత్తిన చెయ్యి ఎండిపోవాలనే పాత యూదు ప్రమాణాన్ని కొత్త పనికి వాడుకున్నారు. ఇరవై వేలమందికి పైగా సమ్మెలో దిగారు. వారిలో ఎక్కువమంది యూదు యువతులు; ఇటాలియను స్త్రీలు, అమెరికాలో పుట్టిన స్త్రీలు కూడా వున్నారు. ఏడువందలమందికి పైగా అరెస్టయ్యారు.

1910 ఫిబ్రవరిలో బెయిన్ వార్తాసంస్థ ప్రచురించిన చిత్రంలో ఇద్దరు సమ్మె స్త్రీలు పికెటింగు చేస్తూ కనిపిస్తారు. మంచి కోట్లు తొడుక్కున్నారు. తలమీద పెద్ద హ్యాట్లు. ఇంత చక్కని దుస్తులు వేసుకున్నవారికి కష్టమేమిటని ఆనాటి పెద్దమనుషులు ఆశ్చర్యపోయారు. లెమ్లిక్ ఆ రోజులలో ఒక పత్రికకు వ్రాస్తూ, దుకాణంలో హ్యాటు నలగకుండా పెట్టుకునే చోటు కూడా లేదని, కొత్త హ్యాటు మీద ఇష్టం తమకు మాత్రం వుండకూడదా అని అడిగింది. ఈ మాటను మనం తేలికగా తీసుకోరాదు. పేదవాడు చింపిరి గుడ్డలతో కనిపిస్తేనే నిజమైన పేదవాడని నమ్మే అలవాటు మన అభ్యుదయ సాహిత్యంలో కూడా వుంది. మన కథలలో కూలి స్త్రీ ఎంతసేపూ ఏడుస్తూ వుంటుంది, లేదా పిడికిలి ఎత్తి వుంటుంది. ఆమె అద్దం చూసుకోవడం మనకు ఇబ్బందిగా వుంటుంది. ఆ ఇద్దరు స్త్రీలు తాము కుట్టిన బట్టను తామే వేసుకుని వీధిలోకి వచ్చారు. రీస్ ఉలికిపడేటట్లు తీసిన ముఖానికీ ఈ ముఖానికీ ఇరవై ఏళ్ల దూరం వుంది. ఆ దూరాన్ని నడిచి వచ్చినవాళ్లు ఆ స్త్రీలే.

స్టూడియో చిత్రాలది ఇంకొక కథ. రంగుల తెర ముందు నిలబడి తీయించుకున్న బొమ్మను వలస వచ్చిన అమ్మాయి స్వగ్రామానికి పంపేది. నేను బాగున్నానని చెప్పే ఉత్తరం అది. అందులో వారపు కూలి కనిపించదు, ఆకలి కనిపించదు. అబద్ధమా అంటే కాదు. తాను కాదలచుకున్న మనిషిని ఆమె చూపించింది. 1941 తరువాత నాజీలు ఆ గ్రామాలను, అందులోని మనుషులను నాశనం చేశారు. వారితోపాటు గోడలమీది ఆ బొమ్మలు కూడా పోయాయి. అమెరికాలో మిగిలిన ప్రతులను చూసేటప్పుడు ఈ సంగతి మరచిపోరాదు.

1910 ఫిబ్రవరిలో సమ్మె ముగిసింది. మూడువందలకు పైగా కంపెనీలు ఒప్పందాలు చేసుకున్నాయి. వారానికి 52 గంటల పని వచ్చింది. ట్రయాంగిల్ కంపెనీ మాత్రం యూనియన్‌ను గుర్తించలేదు. తలుపులు తాళం వేయరాదని, మంటలనుంచి తప్పించుకునే మెట్లు సరిగా వుండాలని కోరిన కోరికలు అక్కడ నెరవేరలేదు. 1911 మార్చి 25 సాయంకాలం 4 గంటల 40 నిమిషాల ప్రాంతంలో ఆ కంపెనీ వున్న పదంతస్తుల భవనంలో ఎనిమిదో అంతస్తు గుడ్డపేలికల పెట్టెలో నిప్పు పుట్టింది. తొమ్మిదో అంతస్తుకు కబురు అందలేదు. ఒక వైపు తలుపు తాళం వేసి వుంది. బయటి ఇనుప మెట్లు కూలాయి. అగ్నిమాపక దళం నిచ్చెన ఆరో అంతస్తువరకే అందింది. 146 మంది చనిపోయారు. వారిలో 123 మంది స్త్రీలు. అది శనివారం. యూదులకు విశ్రాంతి దినం. పని ఆపమని మతం చెప్పిన రోజున ఆ యూదు యువతులు మిషను ముందు వున్నారు. కంపెనీ యజమానులిద్దరూ కూడా రష్యానుంచి వలస వచ్చిన యూదులే. ఒకే జాతి, ఒకే మతం, ఒకే భాష అన్నది తాళం వేసిన తలుపుకు రెండు వైపులా వున్నవారిని ఒకటి చెయ్యలేకపోయింది.

పేవుమెంటు మీద వరుసగా పడివున్న శవాలను, పైకి చూస్తున్న పోలీసును పత్రికల వాళ్లు చిత్రాలు తీశారు. రేవు షెడ్డులో శవపేటికల మధ్య బంధువులు తమవారిని గుర్తుపట్టడానికి నడుస్తున్న చిత్రం చూస్తే ఎవరికైనా గుండె చెదురుతుంది. ఏప్రిల్ 5న వర్షంలో లక్షమందికి పైగా నడిచిన సంతాప ప్రదర్శన చిత్రాలు కార్నెల్ విశ్వవిద్యాలయంలోని శ్రామిక పత్రాల కేంద్రంలో వున్నాయి. అంతకు మూడు రోజుల ముందు మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో సంపన్నులు జరిపిన సభలో టోపీలు కుట్టే కార్మికురాలు రోజ్ ష్నైడర్మన్ మాట్లాడింది. మీ కన్నీళ్లను, మీ దానాన్ని పరీక్షించి చూశాము, ఇక మా ఉద్యమమే మాకు దిక్కు అన్నది ఆమె మాటల సారాంశం. యజమానులను 1911 డిసెంబరులో కోర్టు నిర్దోషులని వదిలింది. 1914లో ఒక్కొక్క ప్రాణానికి 75 డాలర్ల చొప్పున రాజీ కుదిరింది. అంతకు ముందు ఏడే, 1913లో, వారిలో ఒకడు మళ్లీ తలుపు తాళం వేసి పట్టుబడి 20 డాలర్ల జరిమానా కట్టాడు. అయితే ప్రజల ఆందోళన వృథా కాలేదు. న్యూయార్కు రాష్ట్రం కర్మాగారాల విచారణ సంఘాన్ని వేసి ముప్పైకి పైగా చట్టాలు చేసింది.

మన వైపు లోపాలను కూడా చిత్రాలు దాచవు. ఆడవారి దుస్తుల కార్మికుల అంతర్జాతీయ యూనియన్ 1900లో పుట్టింది. ఈ సమ్మెల తరువాత సభ్యులలో స్త్రీలు అత్యధికులయ్యారు. కాని నాయకత్వపు బల్ల దగ్గర మీసాలే ఎక్కువ. 1916లో గాని ఫానియా కోన్ రూపంలో ఒక స్త్రీ ఆ సంస్థకు ఉపాధ్యక్షురాలు కాలేదు. మంచి కూలి దొరికే గుడ్డ కత్తిరింపు పని మగవాళ్ల చేతిలోనే వుంచుకున్నారు. వీధిలో స్త్రీ, వేదిక మీద పురుషుడు అనే ఏర్పాటు ఒక్క న్యూయార్కుదే అని మనం గుండెమీద చెయ్యి వేసుకుని అనగలమా?

ఇక్కడ మార్చి 8 సంగతి ఎత్తక తప్పదు. ప్రతి ఏడూ మా విద్యార్థులు గోడపత్రిక వేస్తారు. 1857 మార్చి 8న న్యూయార్కులో దుస్తుల కార్మికురాళ్లు సమ్మె చేశారని, అదే ఈ దినానికి మూలమని అందులో వ్రాస్తారు. నేను కూడా విద్యార్థిగా అలాగే వ్రాశాను. ఆ సమ్మెకు ఆ కాలపు ఆధారం లేదని తరువాత పరిశోధకులు తేల్చారు. అమెరికా సోషలిస్టు పార్టీ 1909 ఫిబ్రవరి 28న మొదటి మహిళా దినం జరిపింది. దానికి పూనుకున్నవారిలో ముఖ్యురాలు థెరీసా మాల్కియల్, ఒకప్పుడు కర్మాగారంలో బట్టలు కుట్టిన యూదు వలస స్త్రీ. 1910లో కోపెన్‌హేగన్ మహాసభలో క్లారా జెట్కిన్ మొదలైనవారు దాన్ని అంతర్జాతీయం చేశారు. మాల్కియల్ 1910లోనే రవికల సమ్మె మీద డైరీ రూపంలో ఒక నవల వ్రాసింది. యూదు తోటిపనివారి మీద చిన్నచూపుతో మొదలైన ఒక అమెరికను పిల్ల సమ్మెలో ఎలా మారిందో అందులో కథ. అసలు మనుషులు, అసలు తేదీలు, అసలు పుస్తకం ఇంత దగ్గరగా వుండగా పుట్టుక తెలియని కథ మనకెందుకు? శత్రువు అబద్ధాలు చెబుతాడని నిందించే మనం, మనకు అనుకూలమైన అబద్ధాన్ని కూడా వదులుకోవాలి.

లెమ్లిక్ కథ 1909తో ఆగలేదు. ఆమె కమ్యూనిస్టు పార్టీలో చేరింది. పెళ్లయి పిల్లలు పుట్టాక గృహిణులను సంఘటితపరిచింది. 1935లో మాంసం ధరల మీద మళ్లీ జరిగిన సమ్మెలో ముందు నిలిచింది. 1902 నాటి ఇల్లాలూ 1909 నాటి కార్మికురాలూ ఆమెలో ఒకటయ్యారు. చివరి రోజులలో తానున్న వృద్ధాశ్రమంలోని పనివాళ్లను కూడా యూనియన్ పెట్టుకోమని ప్రోత్సహించింది. 1982లో మరణించింది. ఆమె బొమ్మగా మనం వాడేది ఇరవై ఏళ్ల నాటి స్టూడియో చిత్రం ఒక్కటే. డెబ్బై ఏళ్ల పోరాటానికి ఒక్క బొమ్మ చాలదు.

ట్రయాంగిల్ మృతులలో ఆరుగురి పేర్లు నూరేళ్లు తెలియలేదు. ఒక పరిశోధకుడు పాత పత్రికలు, రికార్డులు గాలించి 2011 నాటికి ఆ పేర్లు తేల్చాడు. 2023 అక్టోబరులో ఆ భవనం దగ్గర అందరి పేర్లతో స్మారకం వెలిసింది. పేరు తెలుసుకోవడం చిన్న పని కాదని దీనివల్ల తెలుస్తుంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి పదకొండువందలమందికి పైగా చనిపోయినప్పుడు, వారి తల్లులు బిడ్డల ఫోటోలు చేతపట్టుకుని శిథిలాల ముందు నిలబడ్డారు. అప్పుడు ఫోటో తీసేవాడి చేతినుంచి ఫోటోలో వున్నవారి మనుషుల చేతికి వచ్చింది. ప్రపంచానికి బట్టలు కుట్టే పని కూడా న్యూయార్కునుంచి అక్కడికి వచ్చింది.

అధ్యాపక మిత్రులకు ఒక మనవి. ఇటువంటి చిత్రాన్ని తరగతిలో చూపినప్పుడు పిల్లలను నాలుగు ప్రశ్నలు అడగనివ్వండి. తీసినదెవరు? ఎవరి కోసం? చిత్రంలోని మనిషి ఎలా కనబడాలనుకున్నది? చిత్రంలోకి రానిది ఎవరు? ఆ తరువాత కింద రెండు పంక్తులు వ్రాయించండి: తెలిసిన తేదీ, తెలిసిన పేరు. తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వుంచండి. ఖాళీ చోటు చూస్తే ఎవరో ఒక విద్యార్థి అయినా వెతకడానికి బయలుదేరుతాడు. కట్టుకథతో నింపితే ఆ దారి మనమే మూసినవాళ్లమవుతాం.